పాత రివాల్వరు: దాని చరిత్రయు పరీక్షయు

సింగరాయకొండ పరిసరములలోని రైతునకు సరకును పరీక్షించుట క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. ప్రత్తిని కొనువాడు పింజను రెండు చేతుల బొటనవ్రేళ్ల నడుమ బట్టి లాగి, పోగు పొడవెంతయో బలమెంతయో చెప్పగలడు. మిరపను కొనువాడు బస్తా కుట్టు విప్పి, చేయి లోనికి పోనిచ్చి, అడుగున నున్న కాయను తీసి విరిచి చూచును. టంగుటూరు పొగాకు వేలములో ఆకును చేతితో తాకి చూడనిదే ధర పలుకువాడు లేడు. పై కాయను చూచి బస్తాను కొనరాదని ఈ మైదానములలో పిల్లవానికి సైతము తెలియును.

అట్టివారే ఒక్క వస్తువు విషయమున మాత్రము పై మెరుగును చూచి మోసపోవుచుందురు. అది వాడిన రివాల్వరు. పొలములు, తోటలు గలిగి దూరపు గట్లపై నొంటరిగా తిరుగవలసిన కుటుంబములలో, లైసెన్సుతో తుపాకి నుంచుకొనుట తరతరములుగా నున్నదే. తాతగారి కాలపు రివాల్వరు మనుమని చేతికి వచ్చును. లేదా మఱియొక లైసెన్సుదారుడు తనది అమ్మజూపును. నేడైనచో ఫోనులో నాలుగు ఫొటోలు ముందుగా వచ్చును. ఆ ఫొటోలలో నల్లని నిగనిగయు, చెక్కపిడి నునుపును కనబడును. కనబడనిది గొట్టము లోపలి తుప్పు, చక్రములోని వదులు. చెడిన మిరపకాయ కొన్నవానికి ధనము మాత్రమే నష్టము. చెడిన రివాల్వరు కొన్నవానికి పోవునది వ్రేళ్లు కావచ్చును, కన్ను కావచ్చును. ప్రక్కన నిలిచిన వాని ప్రాణమైనను కావచ్చును. కావున ఈ పరీక్ష యెట్లు పుట్టినదో, ఎవరు ఎవరిని నమ్మి ఆయుధములు కొనిరో కొంచెము వెనుకకు బోయి చూతము.

దూరదేశపు సరకును నమ్ముట యను సమస్య మన తీరమునకు పాతదే. సింగరాయకొండకు ఉత్తరముగా, చీరాల దగ్గర నున్న మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244వ సంవత్సరమున వేయించిన అభయశాసనము ప్రసిద్ధము. ఓడలు పగిలి ఒడ్డున బడిన సరకును అంతకు ముందు రాజులు పట్టుకొనుచుండిరి. ఇకమీదట అట్లు జరుగదని, సుంకము ముప్పదింట నొక వంతు మాత్రమే తీసికొందుమని ఆయన వర్తకులకు మాట యిచ్చెను. సరకు ఒడ్డు చేరునా యను భయమునకు రాజు పూచీ పడెను. సరకు మంచిదా యను ప్రశ్నకు మాత్రము ఏ రాజును పూచీ పడలేదు. దానిని కొనువాడే చూచుకొనవలసి వచ్చినది.

ఆయుధముల విషయమున కొనువాడు ఎంత దూరము పోయెడివాడో తెలుపుటకు తెలంగాణమునందలి కోనసముద్రము నిదర్శనము. నిజామాబాదు జిల్లాలోని యీ గ్రామమున మూసలలో కరగించి తీసిన ఉక్కు పారశీకమునకు బోయి, నీటిరేఖల వంటి చారలుగల కత్తులుగా మారెడిది. ఆ కత్తులను పడమటివారు డమాస్కసు కత్తులనిరి. 1820 ప్రాంతమున హెన్రీ వాయిసీ యను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ కొలుములను చూచి వ్రాసిన వర్ణన 1832లో అచ్చయినది. అచట ఇస్ఫహాను నగరపు వర్తకుడొకడు మకాము పెట్టి, ఇనుమును తూచుటకును కొలిమి పనికిని తానే దగ్గరనుండి చూచుకొనుచుండెనట. ఎక్కడి ఇస్ఫహాను, ఎక్కడి కోనసముద్రము! ఉక్కుముద్ద పైకి చూచుటకు అన్నియు నొక్కతీరుగనే యుండును. కత్తియై యుద్ధములో విరిగినప్పుడు గాని దాని దోషము బయటపడదు. అందుచేత ఆ వర్తకుడు ముద్దను పరీక్షించుట మాని, ముద్ద పుట్టుటనే పరీక్షించెను. ఆయుధములు కొన్నవారిలో అంతటి తెలివిపరుడు మరల కనబడడని నా అభిప్రాయము.

రివాల్వరు పుట్టుకతో ఈ చిక్కు పది రెట్లయినది. ఏలయనగా కత్తికి కదలు భాగము లేదు. ఏకనాళపు తుపాకికి గొట్టము, గుఱి, సుత్తి, అంతియే. అమెరికా దేశస్థుడగు శామ్యూల్ కోల్టు 1835లో ఇంగ్లండునందును, 1836లో స్వదేశమునందును పేటెంటు పొందిన ఆయుధములో, తూటాలు గల చక్రము ప్రతి గుండుకు ఒక్కొక్క అర చొప్పున తిరిగి, ప్రతిసారియు గొట్టమునకు సరిగా ఎదురుగా నిలువవలెను. వెండ్రుకవాసి తేడా వచ్చినను సీసపుగుండు గొట్టపు అంచునకు ఒరసికొని చీలును. ఆ సీసపు పేళ్లు ప్రక్కలకు చిమ్మును. మఱియు అరలన్నియు దగ్గరగా నుండుటచేత ఒక అర గోడ పలుచనైనను, ఉక్కు చెడ్డదైనను చక్రమే పగులును. 1847లో కోల్టు తయారుచేసిన వాకరు అను పెద్ద రివాల్వరుల సంగతి ఇందుకు సాక్ష్యము. సుమారు 1100 మాత్రమే తయారైన వానిలో అనేకములు కాల్పులలో చక్రము పగిలి పనికిరాకుండ బోయినవి. మందు ఎక్కువగా కూరుటయు, ఆనాటి లోహము చాలినంత మంచిది కాకపోవుటయు కారణములని చరిత్రకారులు చెప్పుదురు. అవి పాతవి కావు, క్రొత్తవే. పాతవాని మాట వేరుగా చెప్పవలెనా?

1851లో లండను మహాప్రదర్శనములో కోల్టు తన సరకును ప్రదర్శించెను. ఆ సంవత్సరమే రాబర్టు ఆడమ్సు అను ఆంగ్లేయుడు మీట నొక్కుటతోనే సుత్తి లేచి పడునట్టి రివాల్వరునకు పేటెంటు తీసికొనెను. 1857 నాటి తిరుగుబాటు కాలమునకు ఈ రెండు జాతుల రివాల్వరులును కంపెనీ సైన్యాధికారుల నడుములకు చేరినవి. అప్పటినుండి ఈ యాయుధము హిందూదేశమున పాలకుని చిహ్నమైనది.

1878లో లిట్టను వైస్రాయిగా నున్నప్పుడు వచ్చిన ఆయుధముల చట్టము ఆ చిహ్నమునకు శాసనరూపమిచ్చెను. భారతీయునకు లైసెన్సు కావలెను, ఐరోపావారికి అక్కరలేదు. జాతినిబట్టి యిచ్చిన యీ మినహాయింపులు 1920 నాటి నియమములతో తొలగినవి గాని, లైసెన్సు నిచ్చు చేయి మాత్రము కలెక్టరుదే. చట్టము వచ్చిన మరుసటి సంవత్సరమే, 1879లో, రంపదేశమున తిరుగుబాటు లేచినది. మఱి నలువదేండ్లకు అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి 26 తుపాకులు తీసికొనెను. మన్యపు వీరునకు తుపాకి దొరకు దుకాణము ఠాణా ఒక్కటియే గదా! అక్టోబరులో అడ్డతీగలకు వచ్చునప్పటికి ప్రభుత్వమువారు మేలుకొని ఆయుధములను ముందే తరలించి యుండిరి. అట్లు సంపాదించిన తుపాకికి మరమ్మతు చేయు కమ్మరి లేడు, తూటా అయిపోయిన మఱి యొకటి తెచ్చు దారి లేదు. ఆయుధము చేత జిక్కుట వేరు, అది పనిచేయుచు నుండుట వేరు అను సంగతి ఆ కొండలలో పోరాడినవారి కంటె బాగుగా ఎఱిగినవారుండరు. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానములో, నియమములకు లోబడి ఆయుధములు ధరించు హక్కును గూడ చేర్చినది ఈ చరిత్ర నెఱిగియే.

ఇక లైసెన్సు గలవారి సంగతి. నేటి యంతర్జాలపు కొనుగోలునకు ఆనాటి తాతగారు కేటలాగు. 1871లో లండనులో స్థాపితమైన ఆర్మీ అండ్ నేవీ సహకారసంఘము లావుపాటి కేటలాగులను అచ్చువేసి, ఇంచుమించు ప్రతి వస్తువును హిందూదేశమునందలి తమ ఖాతాదారులకు పంపుచుండెడిది. బొంబాయిలోను కలకత్తాలోను దుకాణములు గూడ తెరచినది. మన దేశపు తపాలాశాఖ 1877లో వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టుటతో సరకు ఇంటికి వచ్చిన పిదప రొక్కము చెల్లించు నలవాటు పల్లెలకు సైతము ప్రాకినది. 1899లో బెజవాడ మద్రాసుల నడుమ రైలుమార్గము పూర్తియైన పిదప మద్రాసు మౌంటురోడ్డు దుకాణములు మన ప్రాంతమునకు ఒక్క రాత్రి దూరములోనికి వచ్చినవి. తుపాకికి లైసెన్సు, దుకాణదారుని పుస్తకములో నమోదు, ఇవి ఎప్పుడును తప్పలేదు. అయినను బొమ్మ చూచి ఎంచుకొనుట మాత్రము ఆనాటినుండియే యున్నది.

ఆ కాలపు రివాల్వరులపై దుకాణముల పేర్లు చెక్కియుండును. కొనువారు నేటికిని ఇచట పొరబడుచుందురు. మద్రాసు దుకాణము పేరు గొట్టముపై నున్నంత మాత్రమున అది మద్రాసులో చేయబడినది కాదు. దానిని బర్మింగుహాములోని వెబ్లీ వారు చేసి యుండవచ్చును; బెల్జియములోని లియేజి నగరపు చిన్నపనివారు చేసి యుండవచ్చును. వెబ్లీ వారి బుల్‌డాగ్ అను కుఱచ రివాల్వరు 1872లో వచ్చినది. అది మిగుల ఆదరణ పొందుటచే దాని పోలికలు లియేజిలో లెక్కకు మిక్కిలిగా పుట్టినవి. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆయుధములు చాలక బ్రిటిషువారే 1915లో స్పెయినులోని ఐబారు పనివారివద్ద రివాల్వరులు కొనిరి. ఇక పెషావరు దగ్గరి దర్రా ఆదంఖేలు కమ్మరుల పని లోకప్రసిద్ధము. చేతి ఆకురాయితో వెబ్లీకి తోబుట్టువును తీయగలరు. వారి నేర్పునకు నమస్కరింపవలసినదే. కాని ఆంగ్లలిపి రానివాడు చెక్కినందున అక్షరము తలక్రిందుగానో, కుడియెడమగానో పడుచుండెను. ఆ యొక్క అక్షరము ఎందఱినో కాపాడినది.

నిజమైన పూచీ ఎక్కడనున్నది? దుకాణపు పేరులో లేదు, పరీక్షాముద్రలో నున్నది. లండనులో తుపాకి పనివారి సంఘమునకు 1637లో రాజశాసనము లభించినది. బర్మింగుహామున 1813లో పార్లమెంటు చట్టముచే పరీక్షాగృహము ఏర్పడినది. అచట ప్రతి గొట్టమును, రివాల్వరైనచో ప్రతి అరను, వాడుకలోని దానికంటె బలమైన మందుతో కాల్చి చూతురు. పగులనిచో ముద్ర వేయుదురు. కోనసముద్రమున ఇస్ఫహాను వర్తకుడు కొలిమి ముందు కూర్చుండి చేసిన పనిని ఇచట పరీక్షాగృహము కొనువాని పక్షమున చేయుచున్నదన్నమాట. లియేజి ముద్రలో అండాకారపు గీత నడుమ ఇ, ఎల్, జి అను అక్షరములుండును. అది కనబడిన యాయుధము చౌకదైనను ఒకసారి పరీక్షకు నిలిచినదని యర్థము.

అయితే ముద్రకును కాలపరిమితి గలదు. పంతొమ్మిదవ శతాబ్ది నాటి ఆయుధములు నల్లమందుకొఱకు చేయబడినవి. 1889 ప్రాంతమున కార్డైటు వంటి పొగలేని మందులు వచ్చి, లోపలి యొత్తిడి పెరిగినది. నల్లమందు పరీక్ష మాత్రమే నెగ్గిన పాత రివాల్వరులో నేటి తూటా పెట్టుట, ఎడ్లబండికి లారీ యింజను బిగించుట వంటిది. క్రొత్తమందుతో పరీక్షించిన వానిపై ఎన్.పి. వంటి అక్షరములు వేఱుగా నుండును. అవి లేనిచో దానిని చూచి ఆనందింపవచ్చును గాని కాల్చరాదు.

ఇక్కడ ఒక విదేశపు కథ చెప్పక తప్పదు. చూడక కొన్న పాత రివాల్వరులలో లోకమంతయు విచారించినది అదొక్కటియే. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలోని స్మిత్ అండ్ వెసన్ వారు బ్రిటనుకు .38 రివాల్వరులు పంపిరి. యుద్ధానంతరము అవి మిగులు సరకుగా అమెరికాకు తిరిగివచ్చినవి. వర్తకులు 5 అంగుళముల గొట్టమును కోసి కుఱచచేసి, బ్రిటిషు తూటాకు సరిపోవు అరలను అమెరికా .38 స్పెషల్ తూటా పట్టునట్లు లోతుచేసి, పత్రికలలో ప్రకటించి తపాలా ఆర్డరుపై అమ్మిరి. అట్టిదొకటి 1963 మార్చిలో 29 డాలర్ల 95 సెంట్ల ధరకు మారుపేరున కొన్నవాడు లీ హార్వీ ఆస్వాల్డు. ఆ సంవత్సరము నవంబరు 22న అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగిన గంటలోపల, డల్లాసులో టిప్పిట్ అను పోలీసు అధికారి దానికి బలియయ్యెను. పిమ్మట వారెన్ సంఘము ఎదుట ఎఫ్.బి.ఐ. నిపుణుడు చెప్పిన సాక్ష్యము మన విషయమునకు పనికివచ్చును. అరలు తూటాకంటె కొంచెము వెడల్పుగా నుండుటచే కాలిన తూటాల ఖాళీ గొట్టములు ఉబ్బినవి. గొట్టము గుండుకంటె కొంచెము పెద్దది గనుక గుండ్లపై గీతలు నిలకడగా పడలేదు. ఖాళీ గొట్టములు ఆ రివాల్వరువేనని నిశ్చయించిరి గాని, గుండ్ల విషయమున ఆ నిపుణుడు అట్టి నిశ్చయమునకు రాలేకపోయెను. ఒక తూటాకొఱకు చేసినదానిని మఱియొక తూటాకు మార్చిన రివాల్వరు చెప్పు కథ యిది. పై మెరుగు చూచిన నెవరికిని తెలియదు.

ఆ దేశము 1968లో చట్టము చేసి, రాష్ట్రముల నడుమ తపాలాపై వ్యక్తులకు నేరుగా తుపాకులు పంపుటను ఆపినది. నేడు అచట అంతర్జాలములో కొన్నను ఆయుధము లైసెన్సుగల దుకాణమునకే వచ్చును. కొన్నవాడు అచటికి బోయి, తన పూర్వచరిత్ర పరిశీలనకు లోబడి తీసికొనవలెను. సంతకము చేయుటకు ముందే ఆ దుకాణపు బల్లపై దానిని పరీక్షించుకొను నవకాశము గలదు. తెలిసినవారు దానిని విడువరు. అచట ఉద్యోగములకై తాత్కాలిక వీసాపై బోయిన మన పిల్లలు ఒక సంగతి ఎఱుగవలెను. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అట్టి వీసాపై నున్నవారు తుపాకి కలిగియుండుటయే అచటి కేంద్రచట్టము ప్రకారము నేరము.

మన దేశమున ఈ పరీక్షకు వేఱొక ప్రాముఖ్యము కలదు. ఇచటి పాత రివాల్వరులలో చాలవఱకు అపురూపమైనవి. 1959 నాటి ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1న అమలునకు వచ్చినది. .380, .455 సైనిక తూటాలు పట్టు రివాల్వరులు నిషిద్ధపు బోరులలో చేరినవి గనుక, బ్రిటిషు సైన్యమువారి వెబ్లీలు సామాన్యునకు అందనివైనవి. సామాన్యునకు మిగిలినది .32 బోరు. 1980ల నడిమికాలమునుండి వ్యక్తులు వాడుకకై విదేశపు తుపాకులు దిగుమతి చేసికొనుటయు దాదాపు నిలిచిపోయినది. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారము వెబ్లీ నాలుగవ నమూనా ననుసరించి .32 రివాల్వరు చేయుచున్నది. 2014లో నిర్భీక్ అను తేలికది, 2023లో చక్రము ప్రక్కకు తెరచుకొను ప్రబల్ అనునది వచ్చినవి. అయినను విదేశపు పేరు మీది మోజు పోలేదు. సరకు పెరుగదు, కోరువారు తగ్గరు. అందుచేత మన దేశమున పాత రివాల్వరు ధర దాని దేహస్థితిని చెప్పదు, దాని పేరును మాత్రమే చెప్పును. బాగుగా అరిగిన విదేశపుది క్రొత్త స్వదేశపుదానికంటె ఎన్నో రెట్లు పలుకును. ఇది నాకు వింతగానే తోచును.

సింగరాయకొండ వంటి చోట మఱియొక శత్రువు గలడు. పాకల సముద్రతీరము అచటికి ఎంతో దూరము లేదు. ఉప్పుగాలి ఉక్కును తినును. తోలు ఒరలో పెట్టి బీరువాలో దాచిన రివాల్వరు సురక్షితమని యింటివారు తలంతురు. కాని తోలు చెమ్మను పీల్చి ఉంచును, దానిని ఊనిన లవణములు ఇనుమునకు పడవు. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగించుట మన జిల్లాలలో ఆనవాయితీ. అప్పగించుటకు ముందు నూనె పూయనివాడు నెలల తరువాత ఎఱ్ఱని పొడిని తిరిగి తెచ్చుకొనును.

పరీక్షా విధానము చెప్పవలెను. తుపాకిని చేతికి తీసికొన్న వెంటనే తెరచి, ఆరు అరలును ఖాళీగా నున్నవని కన్నుతో చూచి, వ్రేలితో తాకి నిశ్చయించుకొనవలెను. అమ్మువాడు ఖాళీయని చెప్పిన మాట, ఎంత పెద్దమనిషిదైనను, లెక్కకు రాదు. పిమ్మట వెలుతురున పెట్టి అక్షరములను చూడవలెను. మొదట చెక్కిన అక్షరపు అంచులు పదునుగా నుండును. తుప్పు గుంటలను ఆకురాయితో అరగదీసి మరల నల్లరంగు పట్టించినచో అంచులు కరిగిన బెల్లమువలె గుండ్రబడును. నిగనిగ ఎక్కువై అక్షరము మసకయైన రివాల్వరును అనుమానింపవలెను. గీతలు పడి రంగు వెలిసినను అక్షరము పదునుగా నున్నది దానికంటె నయము. మరల తలలు చీలియున్నచో తెలియనివాడు విప్పినాడని గుర్తు. చట్రముపై అంకె, చక్రముపై అంకె, లైసెన్సులోని అంకె ఒక్కటిగా నుండవలెను. చట్రముపై అంకె అరగదీసి యుండిన చరిత్ర విచారింపక క్రింద పెట్టుటయే మంచిది. దానిని దగ్గర నుంచుకొనుటయే నేరము కావచ్చును.

గొట్టము వెనుక తెల్లకాగితము పెట్టి వెలుతురు లోనికి పోనిచ్చి చూచిన చాళ్లు కనబడును. దుక్కి బాగుగా పడిన పొలమున నాగటిచాళ్లవలె అవి స్పష్టముగా, ఒకే లోతున తిరిగి పోవలెను. చిన్నచిన్న చుక్కలవంటి గుంటలు సహింపదగినవే. చుట్టును ఒక నల్లని ఉంగరము కనబడినచో, ఎప్పుడో గుండు లోపల ఇరుకుకొనగా వెనుకనుండి మఱియొకటి కాల్చినారని, గొట్టము అచట ఉబ్బినదని తెలియవలెను. దానికి మందు లేదు.

ముఖ్యపరీక్ష చక్రమునకు. ఖాళీ తుపాకి సుత్తిని నెమ్మదిగా, మిక్కిలి నెమ్మదిగా వెనుకకు లాగుచు చూడవలెను. సుత్తి పూర్తిగా నిలుచు సమయమునకు చక్రము టక్కున తన స్థానమున బంధింపబడవలెను. సుత్తి నిలిచినను చక్రము ఇంకను తిరుగుటకు సందున్నచో కాలము తప్పినదని యర్థము. ఆరు అరలకును ఆరుమాఱులు ఇట్లు చూడవలెను. ఐదింట నెగ్గి ఆరవదానిలో తప్పునవి అనేకము. బంధింపబడిన పిదప చక్రమును వ్రేళ్లతో ముందువెనుకలకును ప్రక్కలకును కదల్చవలెను. కొంచెము కదలిక సహజము, గలగలలాడినచో కాదు. చక్రమునకు గొట్టమునకు నడుమ సందు సుమారు 0.15 మిల్లీమీటరు ఉండుట సామాన్యము. 0.25 దాటినచో మందువాయువులు ప్రక్కలకు చిమ్మును, పరికింపవలసియుండును. నడుమ విరుచు జాతి రివాల్వరైనచో పై కొక్కెము బిగువుగా పట్టవలెను. గొట్టమును ఒక చేతను, పిడిని మఱియొక చేతను బట్టి కదల్చినప్పుడు ఎముక విరిగిన చేతివలె ఆడినచో ఆ కీలు అరిగినది.

చివరగా సుత్తి. దానిని పూర్తిగా ఎత్తి, మీట నంటక, బొటనవ్రేలితో ముందుకు ఒత్తి చూతురు. జారి పడినచో ఆ రివాల్వరు నిచ్చువాని ప్రక్కనుండి లేచి రావలయును. అనేక పాత రివాల్వరులలో సుత్తి సరాసరి తూటాపై ఆనియుండును. క్రింద బడిన పేలును. అట్టివానిలో సుత్తి క్రింది అరను ఖాళీగా నుంచి అయిదే తూటాలు పెట్టుట వెనుకటి వారి యలవాటు. అది పిరికితనము కాదు, ఎఱుక. ఇంత చూచిన పిదపగూడ తుదిమాట తుపాకుల మరమ్మతు నెఱిగినవానిదే. లైసెన్సుగల తుపాకుల దుకాణములవారి వద్ద అట్టివారుందురు. వారి కొలమానము అరగంటలో చెప్పునది మన కన్ను ఆరుగంటలు చూచినను చెప్పలేదు. అమ్మువాడు అట్టి పరీక్షకు ఒప్పుకొననిచో బేరము అక్కడితో ముగిసినట్లే.

చట్టపు సంగతి. ఫోనులో బేరము కుదిరినను రివాల్వరు పార్సిలులో రాదు. లైసెన్సు లేనివాడు ఒక్క దినమైనను దానిని ఉంచుకొనరాదు. వర్తకుడు కాని లైసెన్సుదారుడు తనదానిని మఱియొక అర్హునకు అమ్మదలచినచో, జిల్లా మేజిస్ట్రేటునకో దగ్గరి ఠాణా అధికారికో వ్రాతపూర్వకముగా తెలిపి 45 దినములు ఆగవలెనని అయిదవ సెక్షను చెప్పుచున్నది. ఆ 45 దినములు పరీక్షకు చాలును. 2016 నియమములు క్రొత్తగా లైసెన్సు కోరువానికి ఆయుధమును సురక్షితముగా పట్టు శిక్షణ నిర్బంధము చేసినవి. 2019 సవరణతో సామాన్యునకు అనుమతించు తుపాకుల సంఖ్య మూడునుండి రెండునకు తగ్గినది. దానితో అనేక గృహములనుండి మూడవ తుపాకి బయటికి రావలసివచ్చినది.

తాతగారు గతించిన యిండ్లలో తఱచుగా జరుగు దొకటి కలదు. రివాల్వరు బీరువాలో నుండును, లైసెన్సు తాతగారి పేర నుండును, ఇంటివారు అది వంశపు వస్తువని తాకక యుంతురు. ఆయన గతించిననాటినుండి దానిని ఉంచుకొనుటకు అధికారము లేదు. ఇరువదియొకటవ సెక్షను ప్రకారము ఆలస్యము చేయక దగ్గరి ఠాణాలోగాని లైసెన్సుగల వర్తకునివద్దగాని దానిని నిక్షేపింపవలెను, రసీదు తీసికొనవలెను. ఆ వారసుడు లైసెన్సు పొందినచో తిరిగి తెచ్చుకొనవచ్చును, లేదా అర్హునకు అమ్మింపవచ్చును. నియమిత గడువులోపల ఏదియు చేయనిచో అది ప్రభుత్వపరమగును. ఠాణాకు తీసికొనిపోవునప్పుడు తూటాలను వేఱుగా, రివాల్వరును తెరచి ఖాళీగా, పలుచగా నూనె పూసి, తోలు ఒరలో గాక పొడిగుడ్డలో చుట్టి తీసికొనిపోవలెను.